మగ్గం మీద అటక

పోయిన వేసవిలో మా నాయన మగ్గం మీదనే ఒరిగిపోయాడు. మధ్యాహ్నం రెండున్నరకు, పేక పోగును అటూ ఇటూ లాగే నాడె చప్పుడు ఆగింది. మా ఇంట్లో నాడె చప్పుడు ఆగితే ఎవరూ పట్టించుకోరు. పోగు తెగిందనో, నీళ్ళు తాగుతున్నాడనో అనుకుంటాం. ఆ రోజు అమ్మకు మాత్రం ఏదో అనుమానం వచ్చి వంటింట్లోంచి లేచి వెళ్ళింది. నాయన కాళ్ళు మగ్గం గుంతలోనే ఉన్నాయి, తల నేసిన చీర మీద వాలి ఉంది. ఒళ్ళు కాలుతోంది, చెమట చుక్క లేదు. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించాక డాక్టరు అమ్మతో ఒక్కటే మాట చెప్పాడు: "ఇంగొకసారి ఇట్లయితే నా దాకా తీసుకొచ్చే టైము గూడా ఉండదమ్మా."

ఆ మాటను అమ్మ చలికాలమంతా లోపల పెట్టుకుంది. శివరాత్రి దాటి ఎండ మళ్ళీ ముదురుతుండగా ఒక పొద్దున బయటపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ధర్మవరం వైపు మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోయినప్పుడు పాత పోగులను పూర్తిగా తీసేయరు. వాటి చివరలు మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఒక్కో పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. వేల పోగులు, రెండు మూడు రోజుల పని. మా ఇంట్లో ఆ పని అమ్మది. పాత చివరలను కత్తెరతో కోసేశారంటే ఆ ఇంట్లో మగ్గం మూతబడినట్టే.

"ఈ పడుగులో నాలుగు చీరలుండాయి," అంది అమ్మ. "ఎండాకాలం నడిమికి అయిపోతాయి. అంతలోపల ఆ గది మనిషి కూచునేటట్ల అయితే అతుకుతా. కాలేదనుకో, కత్తెర పెడతా. మా తమ్ముని పవర్లూమ్ షెడ్డుకాడ వాచ్‌మన్ పని ఉండాది. ఫ్యాను కింద కుర్చీ వేసుకోని కూచో."

నాయన తల తిప్పి నా వైపు చూశాడు.

"వాని పక్క ఏమిటికి చూస్తావు? వాడు చింతపండుకు డాక్టరు, మనుషులకు కాదు."

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. రాప్తాడు దగ్గర, హైవే పక్కనున్న ఒక కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్సు చూస్తాను. పొద్దున ఏడుకు ఇల్లు వదిలితే సాయంత్రం ఐదున్నరకు వస్తాను. చింతపండు బస్తాలను చల్లగా ఉంచినందుకు జీతం తీసుకుంటూ, నాయనను ఎండకు వదిలేశానన్న మాట అమ్మ అనలేదు గానీ నాకు వినపడింది. ఆ రాత్రే ఒక నోటుబుక్కు కొత్తది తీశాను.

మొదటి పేజీలో గది గురించి తెలిసినవన్నీ రాశాను. తాత కట్టినప్పుడు దానిది మట్టి మిద్దె. దూలాల మీద కట్టెలు, వాటి మీద ఆకు, దాని మీద జానెడు మందాన చౌడు మన్ను. మిద్దె నడిమిన మూరెడు చదరపు బొక్క, దాన్ని మేం గవాచి అంటాం. వెలుతురుకూ, వేడి పైకి పోవడానికీ అదే దారి. పొద్దున, సాయంత్రం తెరిచేవాళ్ళు, మిట్టమధ్యాహ్నం రేకు ముక్క కప్పేవాళ్ళు. ఆ పని మా జేజిది, అంటే నాయనమ్మది. నేను బడికి పోయే రోజుల్లో దూలాలకు చెదలు పట్టాయి. ఏటా వానలకు ముందు మిద్దెమీదికి చౌడు మోసేవాళ్ళు కూడా కరువయ్యారు. మిద్దె దించి సిమెంటు రేకులు వేశాం. రెండు వైపులా వాలు, తూర్పునా పడమరా త్రికోణం గోడలు. ఆ రేకుల కిందే నాయన ఇన్నేళ్ళూ కూర్చున్నాడు.

రెండో పేజీలో ఏమేం చేయకూడదో రాశాను. ఏసీ వద్దు, ఆ గాలికి పట్టు పోగు ఎండి పెళుసవుతుంది. నేరుగా ఫ్యాను వద్దు, అదే కారణం. పట్టుకు తేమ కావాలి. మా మగ్గాలు గుంతలో ఉండేది అందుకే. నేత మొదలుపెట్టే ముందు గుంత అంచున ఇసుక తడిపేదీ అందుకే. ఈ పేజీ నా చేతిరాతలోనే ఉందని ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మూడో పేజీలో పథకం. రేకుల మీద తెల్లటి రంగు. రేకులకు మూడడుగుల కింద థర్మోకోల్ పలకలతో సీలింగు. సీలింగుకూ రేకులకూ మధ్య మిగిలే చోటు అటక. ఆ అటకలో చేరే వేడి గాలి పోవడానికి తూర్పు, పడమర గోడల్లో ఒక్కో జాలీ. మా పీఠభూమి మీద ఎండాకాలం గాలి ఎక్కువగా పడమర నుంచే వస్తుంది. పడమర జాలీలో దూరి, అటకలోని వేడిని ఊడ్చుకుని, తూర్పు జాలీలోంచి పోవాలి. కాగితం మీద బాణాలు గీస్తే చాలా బాగా వచ్చింది. నాయనకు చూపించాను. ఆయన ఆ బాణాలను వేలితో ఒకటొకటిగా తడిమి, "డిజైను బాగుండాదప్పా," అన్నాడు. చీర డిజైను గురించి అన్నట్టే అన్నాడు.

సీలింగు పనికి కదిరి నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. నేను మనిషిని చూడగానే నమ్మే రకం కాదు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడు ఎవడూ నమ్మడు. గోడలో ఏ పలక సన్నగా ఉందో చేత్తో తట్టి చూసుకోవడమే మా పని. అందుకే మేస్త్రి తెచ్చిన పలకలను ఒక్కోటీ స్కేలు పెట్టి కొలిచాను.

"ఏమప్పా, బంగారం కొంటాండావా?" అన్నాడు మేస్త్రి. "వెనకాల ఇంగా ఇరవై ఉండాయి. అవి గూడా కొలుచు. కొలిచినాక నన్ను గూడా కొలుచు, సగంలో సన్నబడిపోతానేమో."

కొలిచాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అది నాకు ఇంకా అనుమానంగా తోచింది.

ఒక్క చోట చిక్కు వచ్చింది. మగ్గం మీద జకార్డు ఉంది. డిజైను ప్రకారం పోగులను పైకి లాగే యంత్రం. నాలుగు కాళ్ళ చట్రం మీద, మనిషి కంటే చాలా ఎత్తున కూర్చుని ఉంటుంది. దాని తల నా సీలింగు గీతను దాటి అటకలోకి వచ్చింది. దాని చుట్టూ సీలింగులో మంచమంత ఖాళీ వదలాల్సి వచ్చింది. మేస్త్రి ఆ ఖాళీ కింద నిలబడి పైకి చూశాడు.

"ఈడ మూయల్ల గదప్పా?"

"మిషన్‌కు డిజైను అట్టలు మార్చాల, నూనె వేయాల. మూస్తే ఎట్ల?"

"నీ ఇష్టం. సదువుకున్నోనివి."

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని సాయంత్రం దాకా ఆలోచించాను. ఖాళీ గురించి మాత్రం ఆలోచించలేదు.

పని అయ్యాక మూడు థర్మామీటర్లు పెట్టాను. ఒకటి అటకలో, ఒకటి మగ్గం మీద నాయన తల ఎత్తున, ఒకటి బయట వరండా నీడలో. రోజులో అన్నిటికంటే ఎక్కువ ఎంత పలికిందో గుర్తుపెట్టుకునే రకం. మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను కాబట్టి అవే నా కళ్ళు. సీలింగు వేసి, జాలీలు కొట్టకముందు అటకలో యాభై నాలుగు పలికింది. జాలీలు తెరిచాక నలభై అయిదు. నాయన తల దగ్గర నలభై రెండు ఉండేది ముప్పై ఏడుకు దిగింది. నాలుగు రోజులు వరసగా అంతే. నోటుబుక్కులో ఆ అంకెల కింద రెండు గీతలు గీశాను.

అయిదో రోజు అటకలో యాభై మూడు.

బయట ఎండ నిన్నటంతే. అటకలోకి పాకి చూశాను. జాలీలు రెండూ తెరిచే ఉన్నాయి, సాయంత్రం గాలి హాయిగా వస్తోంది. థర్మామీటరు చెడిందనుకుని వరండాలోని దాన్ని అటకలోకి, అటకలోని దాన్ని వరండాలోకి మార్చాను. మర్నాడు అటకలో మళ్ళీ యాభై మూడు. థర్మామీటర్ల తప్పు కాదు.

"నాయనా, గదిలో ఎట్లుండాది?" అని అడిగాను.

"బాగుండాది," అన్నాడు నాయన, నేను అడగడం పూర్తికాకముందే.

మా నాయన దేన్నీ బాగుందని చెప్పే మనిషి కాదు. పెండ్లి భోజనం గురించి అడిగితే "ఉప్పుండాది" అంటాడు. అయినా ఆ జవాబును అప్పుడు నోటుబుక్కులో రాయలేదు. ముందు రాయాల్సిన అనుమానాలు వేరే ఉన్నాయి.

మొదటిది మేస్త్రి. అటకలోకి ఎక్కే చెక్క మూత కింద, నేల మీద, తెల్లటి థర్మోకోల్ పూసలు నాలుగైదు కనిపించాయి. ఊడ్చినా మర్నాడు మళ్ళీ కనిపించాయి. అంచుల్లో నాసిరకం పలకలు వేశాడు, అవి వేడికి రాలుతున్నాయి అనుకున్నాను. ఫోన్ చేస్తే నవ్వాడు.

"అన్నీ కొలిచినావు గదప్పా. ఏది రాలతాండాదో అది గూడా నువ్వే చెప్పు."

రెండోది పక్కింటి అత్త. అమ్మ ఆమెను వదినా అని పిలుస్తుంది. మా తూర్పు జాలీ ఆమె మేడ మీదికి తెరుచుకుంటుంది. ఆమె అక్కడ వడియాలు పెడుతుంది, సాయంత్రం చాప వేసుకుంటుంది. జాలీ కొట్టిన రోజే ఆమె గోడ మీదనుంచి తొంగిచూసింది.

"ఏమల్లుడా, మీ ఇంట్లో వేడంతా మా మిందికి తోల్తాండావంట?"

"నీ మింద పడదత్తా. గాలి పైకే పోతాది."

"పైకి పోయేదానికి నా మేడ మింద నుంచే పోవల్లనా? ఆ పక్క దేవుని గుడి ఉండాది గదా, అట్లా పంపీ. ఆయనకు చలేస్తాండాదేమో."

జాలీకి అటు నుంచి ఏదైనా అడ్డం పెట్టడం ఆమెకు నిమిషం పని. ఆ ఆదివారం పొద్దున, అడగకుండానే, ఆమె మేడ ఎక్కి చూశాను. జాలీకి బయటి వైపు ఏ గుర్తూ లేదు. దిగేటప్పుడు మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది.

"వడియాలు లెక్క పెట్టుకోని వచ్చినా అల్లుడా. ఒకటి తగ్గినా మీ అమ్మకు చెప్తా."

మూడో అనుమానం ఉడుతలు. నాలుగోది పావురాలు. వీటిని ఆపడానికి జాలీలకు ఇనుప వల బిగించాను, మరుసటి రోజు కూడా యాభై రెండు పలికింది కాబట్టి ఈ రెండు అనుమానాలూ కొట్టేశాను. అయితే వల బిగిస్తుండగా పడమర జాలీ లోపలి అంచున రెండు గోనె పీచులు దొరికాయి. మా ఇంట్లో గోనెసంచులు మంచం కింద ఉంటాయి. వెళ్ళి చూశాను. పది ఉండాలి, పదీ ఉన్నాయి. రెండింటి మడత మాత్రం వేరుగా ఉంది.

దాంతో బయటివాళ్ళ పేజీ అయిపోయింది. ఎవరో మధ్యాహ్నం అటకలోకి పాకి, జాలీలకు గోనెలు కుక్కి, నేను వచ్చేలోపు తీసేస్తున్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఇద్దరి కోసమే ఇదంతా చేశాను. వాళ్ళలో ఒకరు ఎందుకు చెడగొడతారు? అమ్మ గురించే ముందు ఆలోచించాను, ఒప్పుకుంటున్నాను. కత్తెర పెట్టాలని ఉన్నది ఆమెకే కదా. గది చల్లబడకపోతే ఆమె మాట నెగ్గుతుంది. అన్నం పెడుతున్న అమ్మ చేతిని చూస్తూ ఇలాంటి ఆలోచన చేశాను. రెండో ముద్ద కలుపుతూ ఉండిపోయాను.

"ఏం, కూరలో ఏమన్నా పడినాదా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"అట్ల చూస్తాంటే, విషం పెట్టినానేమో అనుకుంటాండావనిపించింది."

ఖాయంగా తెలుసుకోవాలి. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా ఎవరూ లేవకముందు, మగ్గం కింద పడి ఉన్న పట్టు పోగు ఒకటి తీసుకున్నాను. అటక మూత దగ్గర ఒక చివర నుంచి మరో చివరకు అడ్డంగా లాగి, రెండు వైపులా జిగురుతో అతికించాను. వెంట్రుకకంటే సన్నం. మూత ఎత్తితే తెగాల్సిందే. తెగితే ఎవరో ఎక్కినట్టు. తెగకపోతే నా లెక్కలోనే తప్పు.

సాయంత్రం వచ్చి చూశాను. పోగు తెగలేదు. ఒక చివర నుంచి మరో చివర దాకా బిగువుగా ఉంది. మూత ఎత్తకుండా జకార్డు పక్క ఖాళీలోంచి చూస్తే, అటకలో మాత్రం యాభై మూడు.

దిగబోతూ, ఎందుకో, ఆ పోగు మీద వేలు నడిపాను. మధ్యలో ఏదో తగిలింది. ఆవగింజలో సగం కూడా లేదు. ఫోన్ లైటు పెట్టి చూశాను. ముడి. రెండు కొనలు కనపడకుండా తెంపేసిన, నేతగాళ్ళు వేసే ముడి.

తెగిన పోగు కళ్ళబడితే మా నాయన దాన్ని ముడి వేయకుండా వదలలేడు. పెండ్లిళ్ళలో పక్కవాళ్ళ పంచె అంచు ఊడి ఉంటే మాటలాడుతూనే ముడి వేసేస్తాడు. మూత ఎత్తినప్పుడు పోగు తెగి ఉంటుంది. ఇది ఎక్కడిది, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని ఆయన ఆలోచించి ఉండడు. చేతులు వాటి పని అవి చేసుకుని ఉంటాయి.

నిచ్చెన మీద అలాగే కూర్చుండిపోయాను. నాయన మధ్యాహ్నం అటకలోకి ఎక్కుతున్నాడు. యాభై దాటే చోటికి. పోయిన ఏడు ఈ మగ్గం మీది వేడికే ఒరిగిపోయిన మనిషి.

మర్నాడు మామూలుగానే ఏడుకు బయలుదేరాను. బస్టాండులో కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు చెప్పాను. పదకొండున్నరకు తిరిగి వచ్చాను. వీధిలో కుక్క కూడా లేదు. అమ్మ రేషన్ షాపు దగ్గర ఉంది. మగ్గం గది తలుపు దగ్గరికి వేసి ఉంది, నాడె చప్పుడు లేదు. తలుపు తోశాను. నిచ్చెన గోడకు ఆనించి ఉంది. పైన, తెరిచిన మూతలోంచి, రెండు పాదాలు వేలాడుతున్నాయి.

అరిస్తే ఉలికిపడి పడిపోతాడని అరవలేదు. వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను. పాదాలు తడుముకుంటూ మెట్టు వెతికాయి. ఒక్కో మెట్టూ దిగాయి. బనియను వీపుకు అంటుకుపోయి ఉంది. ఆ చెమట చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ రోజు ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు అదే లేదు.

కింది మెట్టు మీద ఆయన వెనక్కి తిరిగాడు. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"బస్సు తప్పినాదా?" అన్నాడు.

"నాయనా, ఆడ యాబై మూడుంటాది! ఏమిటికి ఎక్కినావు?"

"తెలుసులే. నువ్వు రోజూ రాస్తాండావు గదా."

"మల్ల?"

ఆయన కుండలో నీళ్ళు తాగి, మగ్గం పలక మీద కూర్చున్నాడు. కాళ్ళు గుంతలోకి దించాడు. అప్పుడు చెప్పాడు.

"నువ్వు జాలీలు కొట్టిన కాన్నుంచి తల చల్లగానే ఉండాదప్పా. అబద్దం చెప్పను. అయితే పోగులు నిలవడం లేదు. మద్యాన్నమైతే పటపటమని తెగుతాండాయి. ఒకటి ముడేసేలోపు ఇంగొకటి. ఆ నాలుగు దినాల్లో జానెడు గూడా నేయలేదు. జేజి చేసినట్ల చేసి చూసినా. మద్యాన్నం మూసినా, సాయంత్రం తీసినా. పోగు నిలిచింది."

"నాతో చెప్పొచ్చు గదా!"

"నీతో చెప్తే నువ్వు మీ అమ్మతో చెప్తావు. మీ అమ్మ ఏం చేస్తాది?" ఆయన రెండు వేళ్ళు చాచి కత్తెరలా ఆడించాడు. "సాయంత్రం ఎట్లా తీసేస్తాండాను గదా. నీ లెక్క నీకుంటాది, నా పోగు నాకుంటాది."

తల పైకెత్తాను. జకార్డు చుట్టూ ఆ మంచమంత ఖాళీ. అంతా ఒక్కసారిగా అర్థమైంది. జాలీలు తెరిస్తే గాలి అటకనే కాదు, ఆ ఖాళీలోంచి గదిని కూడా పీలుస్తోంది. గుంతలోని తేమ అంతా పైకి పోతోంది. దాని చోటికి తలుపు సందుల్లోంచి బయటి వడగాలి వస్తోంది. నేను గీసిన బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. గీయని బాణం ఒకటి ఉంది. కోల్డ్ స్టోరేజీలో తలుపు కింద వేలెడు సందు ఉంటే కేకలు వేసేవాణ్ణి. ఇంట్లో మంచమంత ఖాళీ వదిలి మేస్త్రిని అనుమానించాను.

అప్పుడే అమ్మ బియ్యం సంచితో లోపలికి వచ్చింది. నన్ను చూసింది, నిచ్చెనను చూసింది. సంచి కింద పెట్టి, దండెం మీదనుంచి నాయన నిన్నటి బనియను తెచ్చి నా ముఖం ముందు పట్టింది. వీపు మీద థర్మోకోల్ పూసలు అంటుకుని ఉన్నాయి.

"వారం నుంచి ఉతుకుతాండా ఈటిని. రోజూ వస్తాండాయి. నేను దబ్బనం దారంలో గుచ్చితే దండ అయ్యుండేది. నువ్వే ఎక్కిస్తాండావనుకున్యా. ఆడ పెట్టిండావు గదా మీటరు, అది చూసి రమ్మని పంపిస్తాండావేమో అని. కన్నకొడుకువు అయ్యుండి ఆ మనిషిని ఎండలో పెట్టి కొలుస్తాండావు అనుకున్యా."

"నేనా?"

"ఇంగెవురు? ఈ ఇంట్లో ఊరికే ఎక్కేది దిగేది నువ్వే గదా."

నేను ఆమెను అనుమానించిన సంగతి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నాయన చెప్పిందంతా అమ్మకు చెప్పాను. ఆమె కత్తెర మాట ఎత్తలేదు, అతుకుతానని కూడా అనలేదు. "చివరి చీరకు ఇంగా పది దినాలుండాయి," అంది. తర్వాత చేసిన మొదటి పని, నిచ్చెనను పక్కింటికి పంపించడం. సాయంత్రం అత్త గోడ మీదనుంచి అరిచి చెప్పింది: "నిచ్చెన నా కాడ ఉండాది. మీ నాయనకు ఇయ్యను. నీకు కావాలంటే వచ్చి అడుగు. ఈసారి మెట్లెక్కేదానికి ముందు అడుగు."

మరుసటి ఆదివారం తెల్లవారుజామున మేస్త్రినే మళ్ళీ పిలిపించాను. చల్లగా ఉన్నప్పుడే ఇద్దరం అటకలోకి ఎక్కాం. జకార్డు తల మీద అటక వైపు నుంచి వెదురు బద్దలతో చట్రం కట్టాం. దానికి థర్మోకోల్ పలకలు బిగించాం. సందుల్లో నాయన పాత పంచెలు మడిచి జిగురు పెట్టాం. నూనె వేయడానికి, అట్టలు మార్చడానికి కింది నుంచే చేయి పెట్టేలా పక్కన చిన్న తలుపు. జకార్డుకు టోపీ పెట్టినట్టుంది. ఇప్పుడు అటక గాలి అటకది, గది గాలి గదిది. మేస్త్రి చివరి పలక బిగించి, తన జేబులోంచి స్కేలు తీసి నాకు ఇచ్చాడు.

"కొలుచుకో."

కొలవలేదు. అయితే అతను దిగాక సందుల చుట్టూ అగరుబత్తి పొగ పెట్టి చూశాను. పొగ ఎటూ లాగలేదు. ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉండాల్సింది.

జాలీలు పగలంతా తెరిచే ఉన్నాయి. గది కిటికీ మాత్రం జేజి గవాచికి చేసినట్టు పొద్దున, సాయంత్రం తెరిచి, మధ్యాహ్నం మూయడం నాయన పని. అటకలో నలభై ఆరు, తల దగ్గర ముప్పై ఏడు. అంకెలను ఇప్పుడు నేనూ పూర్తిగా నమ్మలేదు. వాటి పక్కన రోజుకు ఎన్ని పోగులు తెగాయో నాయననే చెప్పమని రాసుకున్నాను. ఆయన చెప్పిన దాన్ని నమ్మవచ్చా అన్న ప్రశ్న కూడా పక్కనే పెన్సిలుతో రాసుకున్నాను.

పడుగు అయిపోయింది. నాలుగో చీర మగ్గం మీద నుంచి దిగింది. మగ్గంలో పాత పోగుల చివరలు మాత్రం జూలులా వేలాడుతున్నాయి. కొత్త పడుగు చుట్టి గోడవార పెట్టి ఉంది. నేను ఆ రోజు సెలవు పెట్టాను. నాయన గడప మీద కూర్చున్నాడు, ఆయనకు గదిలోకి రావడానికి ఆ రోజు అనుమతి లేదు.

అమ్మ అన్నం తిని, ఒంటిగంటకు గదిలోకి పోయి మగ్గం పలక మీద తానే కూర్చుంది. తలుపు మూయమంది. నేను లోపల ఒక మూల నిలబడ్డాను. థర్మామీటరు చూపించబోతే చేత్తో పక్కకు తోసింది.

"దాన్ని నువ్వే పెట్టుకో. నాకు ఒళ్ళుండాది."

అరగంట కూర్చుంది. గంట కూర్చుంది. పైకి చూసింది, టోపీని చూసింది, నన్ను చూసింది. చీర కొంగుతో మెడ తుడుచుకుని, ఆ కొంగును వెలుతురుకు పట్టి ఎంత తడిసిందో చూసుకుంది. వేలాడుతున్న పోగు ఒకటి తీసి పెదాలకు ఆనించింది. ఎండిన పోగు పెదవికి గరుకుగా తగులుతుందని నాకు తెలుసు. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. కత్తెర ఆమె ఒళ్ళోనే ఉంది.

రెండు దాటింది. బయట నుంచి నాయన గొంతు వచ్చింది.

"ఏమే, బతికిండావా?"

"నోరు మూసుకోని కూచో."

మరి కాసేపటికి ఆమె నా వైపు తిరిగింది.

"బయట మబ్బేమన్నా పట్టిండాదా?"

"లేదమ్మా. ఎండ ఎప్పటి లెక్కనే ఉండాది."

"పోయి చూసి రా. నువ్వు నీ సీలింగు పక్కనే మాట్లాడతావు."

"సరే, పోతా."

"పోతా పోతా పొయ్యిలో బూడిద ఇంత చిప్పలో వేసి నాకిచ్చి పో."

బూడిద చిప్ప ఆమె పక్కన పెట్టి బయటికి వచ్చాను. గడప దగ్గర నాయన నా ముఖం చూశాడు, చేతికి అంటిన బూడిదను చూశాడు. కాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. వీధిలోకి పోయి, చేయి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా చూశాను. పడమర నుంచి తూర్పు దాకా, అత్త మేడ వెనకాల కూడా చూశాను. ఎక్కడా మబ్బు తునక లేదు. అదే చెబుదామని తలుపు తీశాను.

"మూయి మూయి, గాలొస్తాది," అంది అమ్మ, తల ఎత్తకుండా. కత్తెర కింద నేల మీద ఉంది. ఆమె ఎనిమిదో పోగు మెలిపెడుతోంది.